గొర్లు తాగవు

ఎంకయ్య బావ చంద్రప్ప తాగుబోతని ఊరంత ఒక్కమాట మీదున్నది. తాగంగ చూసినోడైతే ఒక్కడు లేడు. చూడాల్నా ఏంది? మనిషి నడుస్తుంటే ఎడమదిక్కు ఒరుగుతడు. మాట మధ్యల ఆగిపోతడు. బుక్క నోట్లె పెట్టుకోని నములుడు మర్చిపోతడు. ఉత్తగనే కోపమొస్తది, కోపమొస్తే కన్నడంల తిడుతడు. వాళ్లవ్వది సేడం దిక్కు కాబట్టి తిట్లన్ని అటుకెళ్లే వచ్చినయి. గిన్ని సాక్ష్యాలున్నంక సీసా కూడ కనబడాలని ఎవరు పట్టుబడతరు?

చంద్రప్పది తాండూరు. పెద్దేముల్ తొవ్వల గుట్టను పగలగొట్టి కంకర చేసే క్వారీల ఆయన బ్లాస్టర్. బండకు బొక్కలేసినంక అండ్ల జిలెటిన్ తూటాలు దించి, వైర్లు కలిపి, సైరన్ మోగినంక మీట నొక్కుడు ఆయన పని. సైరన్ ఇనంగనే తక్కినోళ్లంత అవతలి షెడ్డు దాక ఉరుకుతరు. మీట నొక్కేటోడు ఉరుకుడు కుదరది. వైరు ఎంత పొడుగుంటే గంతే దూరం. ఆ వైరు కొసకు ఒక పెద్ద రాయి ఉన్నది, దాని చాటుకు వంగి, తల మోకాళ్ల నడుమ పెట్టుకోని నొక్కుతడు. పెండ్లి కాకముందు నుంచి ఆయనకు గదే రాయి.

పోయినేడు బొంరాస్‌పేటల సుట్టాల పెండ్లి అయింది. చంద్రప్ప బంతిల కూసోబోయి పప్పు వండిన గంజుల పడ్డడు. పప్పు సల్లారి ఉండె కాబట్టి బతికిండు. ఎంకయ్య ఉరికొచ్చి బావను లేపి, అందరి ముందల్నే నోరు వాసన చూసిండు. ఏ వాసనా లేదు. "వాసన రాలేదంటే పెద్ద బ్రాండే తాగిండు" అని తీర్పు చెప్పిండు. చంద్రప్ప మీసాలకున్న పప్పు తుడుసుకుంట, "తాగలే బావా, నీ పాణం తోడు" అన్నడు. ఒట్టు తన పాణం మీద పెట్టినందుకు ఎంకయ్యకు ఇంకింత కోపమొచ్చింది.

ఆ మర్నాడే నాగరాణి సంచి సదురుకోని అన్న ఇంటికొచ్చింది. నాగరాణి అంటే ఎంకయ్య చెల్లె, చంద్రప్ప పెండ్లాం.

"తాగితే తాగిన్నని చెప్పుమను, ఉంట" అన్నది. "మా నాయిన తాగలేదా, మా అవ్వ ఉండలేదా? అబద్ధమాడుతడు చూడు, గదే నాకు పడది. దేవుని పటం ముందల నిలబెట్టి అడిగిన. తాగలేనంటడు. తాగకుంట ఎవడన్న పప్పుల పడతడా?"

"పడడు" అన్నది బుగ్గమ్మ. బుగ్గమ్మ ఎంకయ్య పెండ్లాం. ఆడిబిడ్డ మాటకు అడ్డం చెప్పే అలవాటు ఆమెకు లేదు.

దవాఖానకు తీస్కపోలేదని కాదు. స్కానింగ్ తీసిండ్రు, ఫిలింల ఏం కనబడలేదు. "తాగుతడా?" అని డాక్టర్ కూడ అడిగిండు. డాక్టరే అడిగినంక ఊరికి ఇంకేం ఫికర్?

గట్లున్న దినాలల్ల పద్మారాణి మేడం వచ్చింది. ఆమెది వికారాబాదే. హైదరాబాద్‌ల మెదడు మీద పరిశోధన చేస్తది. పేలుడు గాలి తగిలితే పైకి గీత కూడ పడకుంట లోపల మెదడు ఎట్ల చెడుతదో చూడాలట. దానికి గొర్లు కావాలె, క్వారీ కావాలె, గొర్లను చూసుకునే మనిషి కావాలె. తాతల కాలం నుంచి క్వారీ పక్కన గొర్లు కాసే ఇల్లు ఎంకయ్యదే. ఆ తాతల కాలంల క్వారీ లేకుండె, గుట్ట ఉండె, గది వేరే సంగతి.

"ఎలకల మీద చేస్తరు గదా మేడం" అన్నడు ఎంకయ్య. టీవీల చూసిండు.

"ఎలక మెదడు నున్నగ ఉంటదన్నా. మనిషి మెదడు మడతలు మడతలుంటది. గొర్రెది కూడ గట్లనే ఉంటది."

"గొర్రెకు మెదడున్నదంటే మా ఊర్లె ఎవ్వరు ఒప్పుకోరు మేడం."

పద్మారాణి నవ్వలేదు. గిసొంటి మాటలు మస్తు ఇన్నట్టున్నది. "ఇంకోటి కూడ ఉన్నదన్నా. మనిషికి ఇట్లయితే తాగిండంటరు, బీపీ అంటరు, వయసంటరు. ఏదో ఒకటి అంటరు, తప్పించుకుంటరు. గొర్రెను గట్ల అననీకి లేదు. గొర్రె తాగదు."

ఇంటి కడప దగ్గర పల్లికాయలు ఒలుస్తున్న నాగరాణి చెయ్యి ఆగింది.  మేడం కారు పోయినంక అన్న ముందలికొచ్చి నిలబడ్డది.

"అన్నా, ఆ గొర్లకు ఆయన లెక్క అయితే నేను వాపస్ పోత. కాకుంటే ఇగ తెంపుడే. మనుషుల మాట నేను నమ్మ. గొర్లు చెప్పనీ."

ఎంకయ్యకు చెల్లె అంటే పాణం. ఆమె కాపురం గొర్ల మీదికొచ్చినందుకు భయమైంది, గొర్లు తన చేతుల ఉన్నందుకు జర ధైర్యమైంది. అవును, ఎంకయ్య గొర్లను ఎన్నడన్న అన్యాయంగ చూసిండా?

నలభై గొర్లొచ్చినయి, అన్నీ ఒక్క ఈడువి. ఇరవైటికి చెవులకు పసుపు బిళ్లలు, ఇరవైటికి నీలం బిళ్లలు. పసుపు బిళ్లలు మధ్యాన్నం పేలుడు టైముకు క్వారీ కాడి కంచెల ఉండాలె. నీలం బిళ్లలు గుట్ట అవతల, సప్పుడు సరిగ ఇనబడని కాడ, చింతల నీడకు మేయాలె. మాపటికి అన్నీ ఎంకయ్య దొడ్డికే వస్తయి. క్వారీ కంచె గుంజకు ఒక మిషన్ బిగిచ్చిండ్రు, పేలుడు గాలి ఎంత జోరుగ కొట్టిందో అదే లెక్క పంపుతది. నెలకోసారి డీసీఎం బండి మీద నలభైటిని వికారాబాద్ షెడ్డుకు తీస్కపోవాలె. ఆడ వాటిని సన్న పలక మీద నడిపిస్తరు. చెక్కల సందులల్ల దాణా దాసిపెట్టి, ఎంతసేపట్ల దొరకబట్టుకుంటయో చూస్తరు. మొదటిసారి నలభైకి నలభై పలక మీద టకటక నడిసినయి. దాణా అయితే దాసేటోని చేతులకెళ్లే తిన్నయి.

గొర్ల కోసం ఒక కమిటీ కూడ ఉన్నదట. గింతకంటే దగ్గర పెట్టొద్దు, రోజుకు ఒక్క పేలుడే, నీళ్లుండాలె, నీడ ఉండాలె, భయపడితే రాసుకోవాలె. ఆఖరికి కొన్నిటిని నిద్రల్నే చంపి మెదడు కోసి చూస్తరు.

"మరి కూర?" అన్నడు ఎంకయ్య.

"తినొద్దన్నా, పాతిపెట్టాలె."

గొర్రెను కోసి తినకుంట పాతిపెట్టుడు ఎంకయ్య జన్మల ఇనలేదు. 

మొదటి రోజు పసుపు బిళ్లలను కంచెల తోలంగనే చంద్రప్ప వచ్చిండు. పెండ్లి కాడి సంగతి అయినంక బావలిద్దరు ఎదురుపడుడు గదే మొదలు. ఏం మాట్లాడాల్నో తెల్వక ఎంకయ్య కంచె ముందలి సున్నం గీతను చూపిచ్చి కమిటీ సంగతి చెప్పిండు.

"గీ గీత దాటి ముందలికి పోవద్దట బావా. గొర్ల పాణానికి మంచిది కాదట."

చంద్రప్ప గీతను చూసిండు. తన రాయి గీతకు అవతల, బండకు ఇంకా దగ్గర ఉన్నది. "మంచి కమిటీ" అన్నడు. "నన్ను కూడ అండ్ల రాపియ్యి." అని, ఎడమదిక్కు ఒరుక్కుంట పోయి రాయి చాటుకు కూసున్నడు. సైరన్ మోగింది. ఎంకయ్య షెడ్డు దిక్కు ఉరికిండు.

వారం తిరిగేసరికి పసుపు బిళ్లలు సైరన్ ఇనంగనే ఒకదాని కడుపు కింద ఒకటి తల దూర్చి వణుకుడు మొదలువెట్టినయి. ఆ పేలుడు సప్పుడు అయినంక ఒకటి పాలిచ్చే తల్లి లెక్క లేని పిల్ల కోసం అరుస్తుండె. గుట్ట అవతలకు పోయి చూస్తే నీలం బిళ్లలు నీడకు పండుకోని నెమరేస్తున్నయి. ఎంకయ్యకు కడుపు మండింది. ఇదేం న్యాయం? నలభైకి దాణా ఒక్కటే పెడుతున్నడు. నీళ్లు ఒక్క తొట్టిల తాగుతున్నయి. మరి దెబ్బ ఇరవైటికే ఎందుకు? ఊర్లె బోరు నీళ్లకు వంతున్నది, మందకు కావలికి వంతున్నది, బోనం కాడ డప్పు కొట్టేటోళ్లకు తిండి పెట్టుడు కూడ ఇంటింటికి వంతే. నోరున్న మనుషులకే వంతున్నప్పుడు నోరులేని గొర్లకు వద్దా?

సోమవారం నాడు పసుపుల సగం, నీలంల సగం కలిపి క్వారీకి తోలిండు. పై వారం తక్కిన సగం సగం. అయింది, వంతు కుదిరింది. క్వారీల రోజూ ఇరవై గొర్లున్నయి, నీడకు రోజూ ఇరవై గొర్లున్నయి. లెక్క ఎక్కడన్న తప్పిందా? తప్పలే. బుగ్గమ్మకు చెప్తే, "పుణ్యమొస్తది" అన్నది. మేడానికి చెప్పాలన్న ఆలోచనే రాలేదు, ఆవుకు మేత ఏసిన్నని ఎవరన్న ఫోన్ చేసి చెప్తరా? పద్మారాణి వికారాబాద్ షెడ్డుల పరీక్షలు చూసుకునేది. క్వారీ కాడ మిషన్ ఉన్నది గదా అనుకున్నది. మిషన్ పేలుడు లెక్క తప్పకుంట పంపింది. కంచెల ఏ బిళ్లలున్నయో దానికి ఎవరు చెప్పాలె?

నెలలు గడిసినయి. కంది పూత అయిపోయి కాయ గట్టిపడ్డది. నాగరాణి కూలికి పోయొచ్చి, రోజూ మాపటికి దొడ్డి కాడ నిలబడేది. ఒకనాడు పసుపు బిళ్ల గొర్రె ఒకటి నోట్లె గడ్డి పెట్టుకోని, నములుడు మర్చిపోయి, గోడ దిక్కు మొకం పెట్టి నిలబడ్డది. నాగరాణి దాన్నే చూసింది. చూసుకుంట చూసుకుంట మొకం విచ్చుకుంది. "వదినె, చూడు, అచ్చం ఆయనే" అన్నది. మొగన్ని గొర్రెతోని పోల్చి గంత సంబరపడ్డ ఆడిది ఆ మండలంల ఇంకొకతి ఉండది. ఆ రాత్రి బుగ్గమ్మతోని రెండు మాటలు ఎక్కువ మాట్లాడింది, ఒక రొట్టె ఎక్కువ తిన్నది.

రెండు దినాలు పోయినంక నీలం బిళ్ల గొర్రె ఒకటి గుంజకు తల ఆనిచ్చి గట్లనే నిలబడ్డది. ఇంకో నీలం బిళ్లది నడుస్తుంటే పక్కకు ఒరిగింది. నాగరాణి చేతుల బకీటు కింద పెట్టి ఇంట్లకు పోయింది. నీళ్లు పెట్టకుంటనే ఎందుకు పోయిందో ఎంకయ్యకు అర్థం కాలేదు, తనే పెట్టిండు.

ఆఖరి పరీక్షలయినంక ఒక అమావాస్య పొద్దున పద్మారాణి ఇంటికొచ్చింది. మంచం మీద కూసున్నది. బుగ్గమ్మ ఛాయ్ ఇచ్చింది. మేడం మొకం వాడిపోయి ఉన్నది.

"నేను అనుకున్నది తప్పయిందన్నా. పసుపుకు నీలానికి ఏం ఫరక్ లేదు. పలక మీద రెండూ పడుతున్నయి. దాణా రెండూ మర్చిపోతున్నయి. మొదలు మంచిగనే ఉండె అన్నీ. పేలుడు అంటని నీలానికి కూడ గిట్లనే అయిందంటే ఇది పేలుడు తోని కాదు. మేతల ఉన్నదో, నీళ్లల ఉన్నదో, ఏదన్న రోగమో. రిపోర్టుల గట్లనే రాయాలె."

"అంటే పేలుడుకు అట్ల కాదన్నట్టు" అన్నది కడప కాడ నిలబడ్డ నాగరాణి.

"గీ లెక్క ప్రకారమైతే కాదమ్మా."

నాగరాణి తల ఊపింది. ఏడ్వలేదు. "అన్నా, రేపు పెద్దమనుషులను పిలువు. తెంపుకుంట" అని లోపలికి పోయింది. లోపట పెట్టె మూత తీసిన సప్పుడొచ్చింది.  చెల్లె కాపురం కూలుతుంటే మనిషికి ఏదో ఒకటి అనబుద్ధయితది, అడ్డమో దిడ్డమో.

"నీలం బిళ్లలకు మాత్రం ఎందుకు కాదు మేడం?" అన్నడు. "అవి కూడ పోయినయి గదా."

"యాడికన్నా?"

"క్వారీకి. వారం గివి, వారం గవి. వంతు పెట్టిన."

పద్మారాణి ఛాయ్ గిలాస కింద పెట్టింది. మళ్ల తీసుకున్నది. అండ్ల ఛాయ్ లేదు. అయినా తాగింది.

"మొదటి నుంచా?"

"మొదటి వారం ఇడిసిపెట్టి. నాకు అప్పటికింకా తోచలే" అన్నడు ఎంకయ్య. "ఒక్కదానికి కూడ ఎక్కువ తక్కువ కాలేదు మేడం. మీరు ఏ గొర్రెనన్న అడుగుండ్రి."

"యేసయ్యా" అన్నది పద్మారాణి.  ఆమె తిడుతదని ఎంకయ్య ఎదురు చూసిండు. తిట్టింది కూడ, గట్టిగనే తిట్టింది. "నాకు కావాల్సిందే ఎన్నడూ పేలుడు అంటని ఇరవై గొర్లన్నా! అవి ఉంటేనే వీటిని చూసి చెప్పొచ్చు. నువ్వు ఒక్కటంటే ఒక్కటి మిగల్చలేదు. నా ఇన్నేండ్ల కష్టం గంగల కలిపినవ్. ఎందుకు చేసినవన్నా గీ పని?"

"న్యాయం మేడం" అన్నడు ఎంకయ్య. అన్నంక ఆ మాట ఆయనకే చిన్నగ ఇనబడ్డది.

నాగరాణి సంచి చేతుల పట్టుకోని కడప దాటి వచ్చింది. అన్నను చూడలేదు, మేడాన్ని చూసింది.

"సగం సగం అంటితేనే గొర్లు గిట్లయినయా మేడం?"

పద్మారాణి గిలాస పక్కకు పెట్టింది. "రాసి ఇయ్యలేనమ్మా. గీ లెక్కతోని ఎక్కడ చెప్పినా నవ్వుతరు. మేత కాదని, నీళ్లు కాదని ఇప్పుడు నేను చూపియ్యలేను."

"రాసుడు నాకొద్దు. నాకు చదువు రాదు. నువ్వు నమ్ముతవా, గది చెప్పు."

"నమ్ముతున్న" అన్నది పద్మారాణి. "సగమే అంటింది. గీత ఇవతల ఉన్నయి. అయినా అయింది."

నాగరాణి అప్పుడు అన్న దిక్కు తిరిగింది. కోపం లేదు మొకంల, గందుకే ఎంకయ్యకు ఇంకింత కష్టమైంది.

"గొర్లకు వంతు పెట్టినవ్ అన్నా. మంచిగ చేసినవ్. ఆ రాయి కాడ ఆయనకు ఎవరన్న ఒక్కనాడు వంతు పెట్టిండ్రా?"

 మధ్యాన్నం మధ్యాన్నం తను షెడ్డు దిక్కు ఉరుకుతుంటే బావ రాయి దిక్కు పోవుడు రోజూ చూసిండు. ఇరవై గొర్ల కోసం కడుపు మండిన మనిషికి ఆ ఒక్కడు కంచెల పశువంత కూడ కండ్లకు ఆనలేదు. ఎంకయ్యకు సిగ్గయింది. పెండ్లిల నలుగురి ముందల ఆయన నోట్లె ముక్కు పెట్టి వాసన చూసింది తలుసుకుంటే చెవులు కాలినయి.

"రేపు ఆయన్ను తీస్కరాండ్రి" అన్నది పద్మారాణి, లేసుకుంట. "మా పెద్ద డాక్టర్‌కు నేను చూపిస్త. ఆ రాయి కాడికి మాత్రం ఇగ పోనియ్యొద్దు."

అన్నాచెల్లెండ్లు పెద్దేముల్ల షేర్ ఆటో ఎక్కిండ్రు. ఆటోల ఇద్దరి నడుమ ఎవరిదో కోళ్ల గంప ఉండె, మాట్లాడుకునే పని పడలేదు. అమావాస్య కాబట్టి క్వారీ బందున్నది, చంద్రప్ప ఇంట్లనే ఉంటడు. తాండూరుల దిగి గల్లీల నడుస్తుంటే నాగరాణి రెండుసార్లు కొంగు సదురుకున్నది. అన్ని నెలల కింద ఎట్లెట్ల తిట్టి పోయిందో ఆ గల్లీ గల్లీ ఇన్నది మరి. "ఏమంటడో" అన్నది. "తిడితే పడత. నువ్వు మధ్యల రాకు."

తలుపు తెరిచే ఉన్నది. చంద్రప్ప బనియన్ మీద, స్టవ్ ముందల నిలబడి ఉన్నడు. గిన్నెల ఛాయ్ నీళ్లు మరిగి మరిగి అడుగంటినయి. మొకం చిక్కింది, గడ్డం మాసింది. అడుగుల సప్పుడుకు ఎనకకు తిరిగి పెండ్లాన్ని చూసిండు. సంబరపడలేదు, కోపం చెయ్యలేదు.

"చక్కెర తెమ్మంటే గింతసేపా?" అన్నడు. "తెచ్చినవా?"

నాగరాణి సంచి పట్టుకోని అట్లనే నిలబడ్డది. ఎంకయ్య ఆమె మొకం చూసిండు, చూడలేక స్టవ్ దిక్కు చూసిండు.

"దుకాణం బందున్నది" అన్నది నాగరాణి.

"గీ అమావాస్యకు అందరు బందు పెడతరు" అన్నడు చంద్రప్ప. "రా, కాళ్లు కడుక్కో. అరె బావా, బయటనే నిలబడ్డవేంది, కూసో."

నాగరాణి లోపలికి పోయి స్టవ్ తగ్గిచ్చింది, గిన్నెల కొత్త నీళ్లు పోసింది. ఎంకయ్య కూసోలేదు. మూలమీది దుకాణం తెరిచే ఉండె, పోయి అరకిలో చక్కెర కట్టిమ్మన్నడు.